‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ మూడుసార్లు విన్నా, 22 నిమిషాల పాటలో నాకేం దొరకలేదు

నైట్‌షిఫ్ట్_నాని
అమెరికన్ రాక్ గ్రూప్ ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో చేసిన 1971 లైవ్ ఆల్బమ్ గురించి అడుగుతున్నా. లైవ్ ఆల్బమ్ అనగానే అందరూ దీని పేరే చెప్తారు, అందుకే పట్టుబట్టి విన్నా. ఆఫీస్ క్యాబ్‌లో రెండుసార్లు, ఇంట్లో గిన్నెలు కడుగుతూ ఒకసారి. స్టేట్స్‌బరో బ్లూస్ మొదలవ్వగానే ఒళ్ళు జలదరించింది, స్టార్మీ మండే కూడా తెగ నచ్చింది. ఆ తర్వాతే దారి తప్పిపోయా. యూ డోంట్ లవ్ మీ 19 నిమిషాలు, విప్పింగ్ పోస్ట్ 22 నిమిషాల పైనే, పాడేవాడు ఎప్పుడో ఒకసారి వచ్చి వెళ్ళిపోతాడు, మిగతాదంతా గిటార్ గిటార్ గిటార్. అందులో ఏదో ఉందని తెలుస్తోంది, లేకపోతే ఇంతమంది ఇన్నేళ్ళుగా చెప్పరు కదా, కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలీట్లేదు. నిజంగా అడుగుతున్నా, ఎలా వినాలి దీన్ని?

క్యాసెట్_కాలం
ముందు క్యాబ్‌లో వినడం ఆపు. ఆ ఇంజన్ మోతలో బేస్ మొత్తం పోతుంది, విప్పింగ్ పోస్ట్ మొదలయ్యేదే బెర్రీ ఓక్లీ బేస్‌తో.

గుంటూరు_స్లైడ్
నాని బ్రో, ఒక్క చిట్కా. హెడ్‌ఫోన్ పెట్టుకుని స్టేట్స్‌బరో బ్లూస్ మళ్ళీ వేయి. ఆ జారుతూ ఏడ్చే స్లైడ్ గిటార్ ఏ చెవి వైపు నుంచి వస్తోందో చూసుకో. అది డ్యువేన్ ఆల్మన్. రెండో చెవి వైపు ఉన్నది డికీ బెట్స్. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా ఆల్బమ్ అంతా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. గిటార్ గిటార్ గిటార్ అన్నావే, అక్కడ ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారు, నీకు ఇద్దరూ ఒకే మనిషిలా వినపడుతున్నారు, అంతే సమస్య.

ఫ్రీబర్డ్_76
నేను నాని వైపే. నాకూ ఈ ఆల్బమ్ ఎక్కలేదు, దాచుకోవాల్సిన పనేం లేదు. సదరన్ రాక్ (అమెరికా దక్షిణాది రాక్) లైవ్ అంటే నాకు లినర్డ్ స్కినర్డ్ బ్యాండ్ ఆల్బమ్ ‘వన్ మోర్ ఫ్రమ్ ద రోడ్’. 1976 జులైలో అట్లాంటా ఫాక్స్ థియేటర్‌లో మూడు రాత్రులు రికార్డ్ చేశారు. ఫ్రీ బర్డ్ అందులో 11 నిమిషాల పైనే ఉంటుంది కదా, అది కూడా సోలోనే కదా, కానీ అక్కడ ముందు పాట కడుపునిండా పెట్టి తర్వాత సోలో ఇస్తారు. ఇక్కడ సోలోలోనే పాటని వెతుక్కోవాలి.

క్యాసెట్_కాలం
ఫ్రీబర్డ్ తమ్ముడూ, నీ ఆల్బమ్‌కీ ఈ ఆల్బమ్‌కీ ప్రొడ్యూసర్ ఒక్కడే, టామ్ డౌడ్. రెండు బ్యాండ్లూ పుట్టిన ఊరు కూడా ఒకటే, ఫ్లోరిడాలో జాక్సన్‌విల్. ఆల్మన్స్ 1969లో అక్కడ మొదలై జార్జియాలో మేకన్‌కి వెళ్ళి స్థిరపడ్డారు. అన్నదమ్ముల పిల్లల్లాంటి వాళ్ళని పట్టుకుని కొట్టించకు.

ఓరుగల్లు_డ్రమ్స్
నేను డ్రమ్స్ వైపు నుంచి చెప్త. మీరందరు గిటార్ల గురించే మాట్లాడుతున్నరు గని, ఆ బ్యాండ్ల ఇద్దరు డ్రమ్మర్లు ఉన్నరు, బుచ్ ట్రక్స్, జేమో. బుచ్ రైలింజను లెక్క ముందుకు గుంజుకపోతుంటడు. జేమోది జాజ్ చెయ్యి, ఆయన బ్యాండ్లకు రాకముందు ఓటిస్ రెడ్డింగ్ అనే సోల్ సింగర్ దగ్గర వాయించిండు. ఆయన బీట్ మధ్యల ఉన్న ఖాళీల్ల చిన్నచిన్నగ ఏదో చెప్తుంటడు. నేను నా ప్రాక్టీస్ రూంల హాట్‌లాంటా ఒక్కటే నెల రోజులు విన్న, ఒక వారం బుచ్‌ని మాత్రమే, ఒక వారం జేమోని మాత్రమే. 5 నిమిషాల పాట అది, అయినా ఒడుస్తలేదు. ఇంకో మాట, జేమో నల్లజాతి మనిషి, మిగతా ఐదుగురు తెల్లోళ్ళు. ఆ రోజుల్ల అమెరికా దక్షిణాదిల ఒకే వ్యాన్ల కలిసి తిరుగుడు, ఒకే హోటల్ల కూసుండి తినుడు అంటే మాటలు కాదు.

మృదంగం_బాబాయ్
విప్పింగ్ పోస్ట్ గురించి నేను ఒకటి చెప్పాలి, ఎన్నాళ్ళ నుంచో ఎవరికో ఒకరికి చెప్పాలని ఉంది. మా అబ్బాయి కారులో పెట్టాడు ఒకసారి, నాకు రాక్ గీక్ పెద్దగా తెలీదు, ఊరికే అలవాటుగా తొడ మీద తాళం వేసుకుంటున్నా. మొదట్లో వచ్చే ఆ బేస్ దగ్గర నా చెయ్యి ప్రతిసారీ తప్పుతోంది. ఏంట్రా ఇది అని మళ్ళీ వేయించి లెక్కపెట్టా. పదకొండు! మూడు, మూడు, మూడు, చివర్లో రెండు. ఆ రెండు దగ్గర కాలు జారినట్టయి మళ్ళీ మొదటికి పడతాం, అదే దాని మజా. మన తిస్రజాతి ధ్రువతాళం కూడా పదకొండే, 3+2+3+3. అవే ముక్కలు, రెండు మాత్రం రెండో చోట ఉంటుంది. వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారనట్లేదు సుమా. ఆ పాట రాసిన తమ్ముడు గ్రెగ్ ఆల్మన్‌కి అది పదకొండు అని కూడా తెలీదట, మూడు మూళ్ళు వేసి మళ్ళీ అందుకోడానికి రెండు పెట్టుకున్నాను అన్నాడాయన. లెక్క తెలిసిన అన్న డ్యువేన్ విని ఆశ్చర్యపోయాడట. లెక్క తెలీకుండా లయ అంత తిన్నగా రావడం, అదీ అబ్బురం.

నైట్‌షిఫ్ట్_నాని
బాబాయ్ గారూ ఇప్పుడే లెక్కపెట్టా, 3 3 3 2 నిజంగానే ఉంది!! కానీ పాడటం మొదలవ్వగానే లెక్క తప్పిపోయింది.

మృదంగం_బాబాయ్
తప్పదు మరి. పాట చరణంలోకి వెళ్ళగానే 12 అవుతుంది, మూడేసి చొప్పున నాలుగు. ఆ కుంటిన రెండుకి ఇంకొకటి చేరి నిండుతుందన్నమాట. పాటలో మనిషి బాధ చెప్పుకునేటప్పుడు నేల సమంగా ఉంటుంది, బాధ మళ్ళీ తరుముకొచ్చేటప్పుడు నేల జారుతుంది. నేనలా విన్నా.

గుంటూరు_స్లైడ్
బాబాయ్ ఈ మాట రాసిపెట్టుకున్నా.

టేప్_కత్తెర
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం వస్తా. లైవ్ లైవ్ అంటున్నారు, ఇది 1971 మార్చి 12, 13 రాత్రుల్లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో చేసిన షోల నుంచి ఏరింది. అంతవరకు ఓకే. కానీ యూ డోంట్ లవ్ మీ రెండు వేరే షోల ముక్కలు అతికించింది. స్టార్మీ మండేలో టామ్ డూసెట్ హార్మోనికా సోలో కోసేశారు, తర్వాత 1992లో ‘ద ఫిల్‌మోర్ కాన్సర్ట్స్’ వచ్చినప్పుడు దాన్ని తిరిగి పెట్టారు. మొదటి రాత్రి శాక్సాఫోన్ వాళ్ళని కూడా తెచ్చుకుంటే టామ్ డౌడ్ వద్దని పంపించేశాడు. మరి ఇది లైవా, కత్తెర పనా?

క్యాసెట్_కాలం
రెండూ. డౌడ్ దొంగతనం చేయలేదు, స్టూడియోలో కొత్తగా ఏమీ వాయించి కలపలేదు. వాళ్ళు స్టేజీ మీద వాయించినదాంట్లోంచే మంచి ముక్కలు తీసుకున్నాడు. నాలుగు రోజులు కచేరీ విన్న పెద్దాయన ఇంటికొచ్చి నాకు ఒక్క కచేరీగా చెప్పినట్టు ఉంటుంది నాకైతే. పూర్తిగా కత్తెర లేకుండా కావాలంటే 2014లో 6 సీడీల పెట్టె వచ్చింది, ఆ షోలన్నీ ఉంటాయి, వాయింపు తేడాలు పట్టుకోవచ్చు. శాక్సాఫోన్ ముక్కలు కూడా అందులో ఉన్నాయి, విన్నాక డౌడ్ చెప్పిందే కరెక్ట్ అనిపించింది నాకు.

టేప్_కత్తెర
ఆ పెట్టె నా దగ్గరుంది అన్నా. అందుకే అడిగా. శాక్సాఫోన్ నాకు నచ్చింది, అక్కడ మనిద్దరికీ కుదరదు. అతుకు మాత్రం చాలా శుభ్రంగా ఉంది, చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు.

సెయింట్‌పాల్స్_కొయిర్
యూ డోంట్ లవ్ మీ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి. నేను చిన్నప్పటి నుంచి చర్చి కొయిర్‌లో పాడేదాన్ని. ఆ పాట మధ్యలో బ్యాండ్ అంతా ఆగిపోయి డ్యువేన్ ఒక్కడే వాయిస్తాడు, జనం కూడా నిశ్శబ్దం, ఎవరో ఒకరిద్దరు మాత్రం అరుస్తారు. ఆ నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం. తర్వాత చివరికొచ్చేసరికి ఒక ట్యూన్ వినిపించింది, ఎక్కడో విన్నానే అనుకుంటూ ఉండగానే నోరు దానంతటదే పాడేసింది. జాయ్ టు ద వర్ల్డ్! క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇంటింటికీ తిరిగి పాడతామే అదే. మార్చి నెలలో, బ్లూస్ పాట చివర్లో. వంటగదిలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా నేను.

నైట్‌షిఫ్ట్_నాని
నేను ఆ పాటకి గిన్నెలు కడుగుతున్నా అక్కా, పూర్తిగా మిస్సయ్యా. ఈ రాత్రి వింటా.

ఫ్రీబర్డ్_76
సరే జాయ్ టు ద వర్ల్డ్ ఒప్పుకున్నా, బాగుంది, ఇప్పుడే విన్నా. కానీ నా మాట మారదు. 19 నిమిషాల్లో అది 18 నిమిషాల తర్వాత వస్తే బస్సు వెళ్ళిపోయాక టికెట్ ఇచ్చినట్టు.

సెయింట్‌పాల్స్_కొయిర్
18 నిమిషాలు ఉన్నాయి కాబట్టే అది అంత తగిలింది తమ్ముడూ. ముందే వస్తే క్రిస్మస్ పాట అయ్యేది.

వీణ_అక్క
స్లైడ్ గురించి నేను చెప్పొచ్చా. నేను వీణ నేర్చుకున్నా, మా గురువుగారింట్లో ఒక గోటువాద్యం ఉండేది, అంటే చిత్రవీణ, మెట్లు ఉండవు, తీగ మీద చిన్న దిమ్మ జారుస్తూ వాయిస్తారు. నేను ముట్టుకున్న మొదటిరోజే అర్థమైంది, స్వరం ఎక్కడుందో కన్ను చెప్పదు, చెవే చెప్పాలి. డ్యువేన్ స్లైడ్ విన్నప్పుడు అదే గుర్తొచ్చింది. పక్క స్వరం నుంచి జారి, అసలు స్వరం దగ్గర ఒక్క క్షణం ఆలస్యం చేసి, అప్పుడు చేరతాడు. మన గమకం ఒకటి కాదు, కానీ ఆ ఆలస్యంలో ఉన్న ప్రాణం ఒకటే. స్టేట్స్‌బరో బ్లూస్ మొదటి పది సెకన్లు చాలు నాకు రోజంతా.

గుంటూరు_స్లైడ్
అక్కా సరిగ్గా చెప్పారు. ఆయన వేలికి తొడుక్కున్నది ఏదో ఖరీదైన వస్తువు కాదు, కోరిసిడిన్ అనే జలుబు మాత్రల గాజు సీసా. ఒంట్లో బాలేక ఉన్నప్పుడు పుట్టినరోజుకి తమ్ముడు గ్రెగ్ ఆ మాత్రలూ, తాజ్ మహల్ అనే సింగర్ రికార్డూ తెచ్చిచ్చాడట, ఆ రికార్డులో స్టేట్స్‌బరో బ్లూస్ ఉంది, మాత్రలు పారబోసి సీసా వేలికి పెట్టుకున్నాడు. పాట అసలు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్‌ది, 1928లో రికార్డ్ చేసింది. నేనూ ఇంట్లో చిన్న గాజు సీసా ఒకటి కడిగి ఉంగరపు వేలికి పెట్టి ట్రై చేశా. మొదటి వారం తీగ ఫ్రెట్‌కి (గిటార్ మీది మెట్టు) తగిలి గరగర తప్ప ఏం రాలేదు. నొక్కకూడదు, తీగ మీద తేలించాలి, ఫ్రెట్ మధ్యలో కాదు సరిగ్గా ఫ్రెట్ కమ్మీ పైన నిలవాలి, వెనకున్న వేళ్ళతో తీగల్ని తాకుతూ మిగతా మోత ఆపాలి. మూడో వారంలో ఒక్క స్వరం శుభ్రంగా వచ్చింది, మా అమ్మ పక్క గదిలోంచి ఎవరో ఏడుస్తున్నారా అని అడిగింది. ఇప్పటికీ నాకు దొరికిన అతి పెద్ద మెచ్చుకోలు అదే.

ఓరుగల్లు_డ్రమ్స్
అమ్మకు దండం పెట్టిన అని చెప్పు.

పాత_ప్లేయర్
నేను ఎల్పీ మీద వింటా. అక్కడ ఈ ఆల్బమ్ వేరే అర్థమవుతుంది నానీ. రెండు ప్లేట్లు, నాలుగు వైపులు. మొదటి వైపు మూడు చిన్న పాటలు. రెండో వైపంతా యూ డోంట్ లవ్ మీ ఒక్కటే. మూడో వైపు హాట్‌లాంటా, ఎలిజబెత్ రీడ్. నాలుగో వైపంతా విప్పింగ్ పోస్ట్. అంటే 78 నిమిషాలు ఒక్క బిగిన వినమని ఎవరూ చెప్పలేదు. ఒక వైపు అయ్యాక లేవాలి, సూది ఎత్తాలి, ప్లేటు తిప్పాలి, ఒక గుడ్డతో తుడవాలి, టీ తాగాలి. ఆ లేచే గ్యాప్ ఫోన్‌లో ఉండదు. నువ్వు రోజుకి ఒక వైపు విను, నాలుగు రోజులు. కొనాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. నేను మొదట హైదరాబాద్‌లో ఒక షాపులో సీల్ ఉన్న కాపీ కొన్నా, ఇంటికొచ్చి చూస్తే నాలుగో వైపు వంకర, సూది ఎగిరి ఎగిరి 22 నిమిషాల పాట ఆరు నిమిషాల్లో అయిపోయింది, షాపువాడు మార్చనన్నాడు. షాపులోనే ప్లేటు తీయించి కంటి ఎత్తున పట్టుకుని చూసుకోండి, మొహమాటపడకండి.

ఫ్రీబర్డ్_76
ఆరు నిమిషాల వెర్షన్ నాకు అమ్ముతారా :)

పాత_ప్లేయర్
నీకు ఊరికే ఇస్తా.

అట్లాంటా_అన్నయ్య
నేను అట్లాంటాలో ఉంటా, పదేళ్ళయింది. మేకన్ ఇక్కణ్ణుంచి దక్షిణంగా గంటన్నర డ్రైవ్. పోయినేడాది ఒక ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళా. వాళ్ళంతా కలిసి ఉన్న ఇల్లు ‘బిగ్ హౌస్’ ఇప్పుడు మ్యూజియం, చూశా. కానీ నేను చెప్పాలనుకున్నది రోజ్ హిల్ శ్మశానం గురించి. ఓక్‌మల్గీ నది ఒడ్డున, వాలు నేల, పాత చెట్లు. ఎలిజబెత్ రీడ్ అనే పేరు డికీ బెట్స్‌కి దొరికింది అక్కడే, ఒక సమాధి రాయి మీద. బ్యాండ్ వాళ్ళు అక్కడ తిరుగుతూ కూర్చుని వాయించుకునేవాళ్ళు. డికీ ఆ ట్యూన్ కట్టింది తను ఇష్టపడ్డ ఒకావిడ కోసం, అసలు పేరు పెడితే గొడవ అవుతుందని రాయి మీద పేరు పెట్టాడు.

ఇప్పుడు అదే శ్మశానంలో డ్యువేన్, బెర్రీ పక్కపక్కన ఉన్నారు, కంచె వేసి ఉంది. ఆల్బమ్ 1971 జులైలో వచ్చింది, అక్టోబర్ 29న మేకన్‌లో డ్యువేన్ మోటార్‌సైకిల్ యాక్సిడెంట్‌లో పోయాడు, 24 ఏళ్ళు. ఏడాది దాటి రెండు వారాలు, 1972 నవంబర్ 11న బెర్రీ, అదీ మోటార్‌సైకిలే, అదీ మేకన్‌లోనే, డ్యువేన్ పడ్డ చోటికి కూతవేటు దూరం, అతనికీ 24. 2017లో గ్రెగ్‌ని కూడా అక్కడికే తెచ్చారు. నేను వెళ్ళినప్పుడు ఎవరో కంచె దగ్గర గిటార్ పిక్కులు పెట్టి వెళ్ళారు, ఒక పీచ్ పండు కూడా ఉంది, సగం ఎండిపోయి చీమలు పట్టి. చాలాసేపు నిలబడ్డా. ఎలిజబెత్ రీడ్ సమాధి దగ్గరికి కూడా వెళ్ళి వచ్చా, ఆవిడకి తన పేరు ఇంత దూరం వెళ్ళిందని తెలీదు కదా అనిపించింది.

సెయింట్‌పాల్స్_కొయిర్
24 ఏళ్ళా ఇద్దరికీ. నాకు తెలీదు ఇది.

క్యాసెట్_కాలం
ఫిల్‌మోర్ ఈస్ట్ హాలు కూడా ఎక్కువ రోజులు లేదు. దాన్ని నడిపిన బిల్ గ్రాహమ్ 1971 జూన్ 27న మూసేశాడు, ఆఖరి రాత్రి చివరగా వాయించింది వీళ్ళే. వీళ్ళ తర్వాతి ఆల్బమ్ ‘ఈట్ ఎ పీచ్’లో ఉన్న వన్ వే అవుట్ పాట ఆ రాత్రిదే.

టేప్_కత్తెర
ఈట్ ఎ పీచ్ మాట వచ్చింది కాబట్టి. విప్పింగ్ పోస్ట్ చివర చప్పట్లలో టింపనీ (పెద్ద డోలు లాంటిది) మొదలవుతుంది, పాట ఇంకేదో అవబోతుండగా సౌండ్ తగ్గిపోతుంది. ఆ అవబోయేది మౌంటెన్ జామ్, 33 నిమిషాలు, తర్వాతి ఏడాది ఈట్ ఎ పీచ్‌లో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే అదే రాత్రి కంటిన్యూ అవుతుంది. కత్తెర గురించి ఎంత మాట్లాడినా, ఆ ఒక్క చోట నాకు గుండె ఝల్లుమంటుంది, డ్యువేన్ లేడని తెలిసి వినడం వేరు.

ఓరుగల్లు_డ్రమ్స్
కవర్ ఫోటో గురించి ఎవరన్న చెప్పుండ్రి. అందరు పగలబడి నవ్వుతున్నరు కద.

పాత_ప్లేయర్
జిమ్ మార్షల్ తీశాడు. అందరూ న్యూయార్క్ అనుకుంటారు, కాదు, మేకన్‌లోనే ఇటుక గోడ ముందు సామాన్ల పెట్టెలు పేర్చి తీసింది. పొద్దున్నే నిలబెడితే ఒక్కడూ నవ్వట్లేదట, ఇంతలో డ్యువేన్ తనకి మత్తు సరుకు అమ్మేవాణ్ణి చూసి పరిగెత్తుకెళ్ళి చేతిలో ఏదో దాచుకొచ్చి అమాయకంగా కూర్చున్నాడు, అందరూ పగలబడ్డారు, ఫోటో పడిపోయింది. ఎల్పీ సైజులో చూస్తే ఆ మూసిన పిడికిలి కనపడుతుంది. వెనక అట్ట మీద బ్యాండ్ ఫోటో కాదు, సామాన్లు మోసే కుర్రాళ్ళ ఫోటో. ఆ వెనక అట్ట నాకు ముందు అట్టకన్నా ఇష్టం. తమ స్పీకర్లు మోసినవాణ్ణి అట్టెక్కించిన బ్యాండ్ అది.

వీణ_అక్క
నానీ, విప్పింగ్ పోస్ట్ కన్నా ముందు ఎలిజబెత్ రీడ్ విను. 13 నిమిషాలే. మాటలు లేవు కాబట్టి గొంతు కోసం ఎదురుచూడవు. మొదట డికీ వాల్యూమ్ నాబ్ తిప్పుతూ వాయిస్తాడు, కొట్టిన దెబ్బ వినపడదు, స్వరం వయొలిన్ లాగా పొగమంచులోంచి వస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి ట్యూన్. తర్వాత డికీ ఒక్కడు, తర్వాత గ్రెగ్ ఆర్గన్, తర్వాత డ్యువేన్. డ్యువేన్ వంతు వచ్చినప్పుడు తొందరపడడు, కింద స్వరాల్లోనే తిరుగుతూ ఉంటాడు, మన ఆలాపనలో తారస్థాయికి ముందే పోకుండా ఆపుకున్నట్టు. వీళ్ళు జాజ్ వాళ్ళు మైల్స్ డేవిస్, కోల్ట్రేన్‌లని తెగ వినేవాళ్ళు, జేమో వినిపించేవాడట. ఒకే సంగతిని పట్టుకుని ఎంతసేపైనా పెంచుకుంటూ పోవడం అక్కణ్ణుంచి వచ్చింది.

ఫ్రీబర్డ్_76
అందరూ ఇంత రాశారు కాబట్టి రాత్రి ఎలిజబెత్ రీడ్ విన్నా, లైట్లు ఆపి. డ్యువేన్ సోలోలో రెండోసారి పైకి వెళ్ళినప్పుడు మంచం మీద లేచి కూర్చున్నా. విప్పింగ్ పోస్ట్ ఇంకా పొడుగే నాకు. కానీ ఎలిజబెత్ రీడ్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వన్ మోర్ ఫ్రమ్ ద రోడ్ మాత్రం వదలను, ఆ ఫాక్స్ థియేటర్ రాత్రుల తర్వాత 15 నెలలకే విమానం కూలి సింగర్ రానీ వాన్ జాంట్, గిటారిస్ట్ స్టీవ్ గెయిన్స్ పోయారు. ఆ ఆల్బమ్ నాకు మీకు ఇది ఎలాగో అలాగే.

క్యాసెట్_కాలం
వదలొద్దు తమ్ముడూ. ఎవరు వదలమన్నారు.

నైట్‌షిఫ్ట్_నాని
నాలుగు రోజులు పాత_ప్లేయర్ అన్న చెప్పినట్టే రోజుకో వైపు విన్నా, డ్యూటీ నుంచి వచ్చి, తెల్లారుజామున, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇంకే పనీ చేయకుండా. డ్యువేన్ ఏ చెవిలో ఉన్నాడో తెలిసిపోయింది, ఇప్పుడు అది మర్చిపోవడం కుదరట్లేదు. జాయ్ టు ద వర్ల్డ్ దొరికింది అక్కా. రెండో వైపు రెండుసార్లు విన్నా అందుకే.

ఈరోజు నాలుగో వైపు. ముందు ఎవరో జనంలోంచి విప్పింగ్ పోస్ట్ అని అరుస్తారు, డ్యువేన్ కనిపెట్టేశావే అన్నట్టు జవాబిస్తాడు, ఇన్నిసార్లు విన్నా ఆ మాట నాకు ఇప్పటిదాకా వినపడలేదు. 3 3 3 2 వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వెళ్ళా. సగం దాటాక అంతా నెమ్మదించి దాదాపు ఆగిపోయే చోటు ఒకటుంది కదా, అక్కడే నేను క్యాబ్‌లో ప్రతిసారీ తర్వాతి ఆల్బమ్‌కి వెళ్ళిపోయేవాణ్ణి, పాట అయిపోయిందనుకుని. ఈసారి ఆగా. అక్కణ్ణుంచి ఇద్దరూ మెల్లగా, ఒకరు అన్నదానికి ఒకరు కొంచెం కలుపుతూ, మళ్ళీ పైకి కట్టుకుంటూ వచ్చి గ్రెగ్ మళ్ళీ అరిచేసరికి కిటికీలో తెల్లారిపోయింది. చివర్లో ఆ టింపనీ కూడా విన్నా కత్తెర అన్నా. వెంటనే మౌంటెన్ జామ్ వెతికి పెట్టుకున్నా, 33 నిమిషాలు. రేపు వీక్లీ ఆఫ్.

బాబాయ్ గారూ, మౌంటెన్ జామ్‌లో తాళం ఎంత?

మృదంగం_బాబాయ్
మా అబ్బాయిని కారు తీయమంటున్నా. విని చెప్తా.